పళ్లెం మోగిన మధ్యాహ్నం

భయపడటంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్లు లేరు, మా అత్తమ్మ తప్ప. నేను బల్లిని చూసి భయపడితే ఆమె ఆ బల్లి ఏ దిక్కున పలికిందో చూసి భయపడేది. రాత్రి కుక్క ఏడిస్తే నేను దుప్పటి కప్పుకునేదాన్ని. ఆమె లేచి కూర్చుని గల్లీలో ఎవరెవరు మంచాన ఉన్నారో వరుసగా గుర్తు చేసుకునేది. "మిమ్మల్నిద్దరినీ కాపలా పెడితే దొంగకే గుండె ఆగుతది" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. ఎగతాళి చేసినంతసేపు చేసి, ఇంకా మూడేళ్లు నిండని మా బిడ్డను ఈ ఇద్దరు ధైర్యవంతుల చేతిలో పెట్టి, పొద్దున్నే ఎనుమాముల మార్కెట్‌కు పోయేవాడు. అక్కడ మాకు రైతుల సరుకు అమ్మిపెట్టే చిన్న అడ్తి దుకాణం ఉండేది. మిర్చి సీజన్ మొదలైందంటే మళ్లీ చీకటి పడేదాకా ఆయన మొహం కనిపించేది కాదు.

ఎనభైల్లో మాట ఇది. అది మేడారం జాతర వచ్చే ఏడు. గల్లీలో ఇంటింటా మొక్కుల మాటలే. అమ్మవార్లకు బంగారం అని బెల్లం తూకం వేయించి మూలకు పెట్టుకున్నారు. మా కాపురం వరంగల్‌లో స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి చీలే ఒక ఇరుకు గల్లీలో. ఆ గల్లీలో ఎన్ని ఇళ్లో అన్ని భాషలు అన్నట్టు ఉండేది. మా పక్కన కిరాణం దుకాణమాయన, మా లెక్కనే తెలుగువాళ్లు. ఎదురుగా ఉర్దూ మాట్లాడే దర్జీ చాచా. ఆ పైన కాజీపేటలో రైలు పని చేసే అరవాయన కుటుంబం. వాళ్ల వెనక వాటాలో పెద్ద దవాఖానలో పనిచేసే మలయాళం నర్సమ్మ. పొద్దున నల్లా దగ్గర నిలబడితే ఇన్ని భాషల్లో తిట్లు వినొచ్చు. నీళ్లు పట్టుకున్నాక అందరం మళ్లీ ఒకటే.

గల్లీ చివరి ఇంట్లో మాత్రం కొత్తవాళ్లు దిగారు. రాజస్థాన్ దిక్కువాళ్లట, మిఠాయి దుకాణంలో పనికి వచ్చారట. ఆయన ఎర్ర పాగా చుట్టుకుని, చెవులకు పోగులు పెట్టుకుని, పెద్ద మీసాలతో తల వంచుకుని నడిచేవాడు. వాళ్లమ్మ ముసలామె. భార్య నిండు చూలాలని నల్లా దగ్గర అనుకున్నారు గాని ఆమె ముసుగు తీయగా చూసినవాళ్లు లేరు. ఆయనతో నేను ఒక్క మాట మాట్లాడి ఎరుగను. ఎదురుపడితే గోడవైపు జరిగేదాన్ని. ఆయనా అటు గోడవైపు జరిగేవాడు.

ఆ రోజుల్లోనే పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని పుకారు పుట్టింది. ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు. మార్కెట్‌కు మిర్చి బస్తాలతో వచ్చిన ధర్మసాగర్ రైతును అడిగితే "మా దిక్కు కాదు, వర్ధన్నపేటల ఎత్కపోయిండ్రట" అనేవాడు. వర్ధన్నపేట ఆయన "మా ఊళ్లె ఏం లేదు, ధర్మసాగర్ చెరువుకాడనట" అనేవాడు. మా ఆయన ఇది చెప్పి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. రెండు ఊళ్లలోనూ జరగలేదని ఆయనకు అర్థమైంది. రెండు ఊళ్లలోనూ జరిగిందని నాకు అర్థమైంది. వాళ్లు కొత్త మనుషులట, వేరే భాష మాట్లాడతారట, నవ్వుకుంటూ దగ్గరికి వచ్చి పిల్లల నోట్లో తియ్యటిది ఏదో పెడతారట, అది తిన్న పిల్ల అమ్మను కూడా గుర్తుపట్టదట. ఈ చివరి మాట విన్న రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. బిడ్డ నిద్రలో కదిలితే చాలు, లేపి "నేనెవర్ని?" అని అడిగేదాన్ని. అది విసుక్కుని "అమ్మవు" అని మళ్లీ పడుకునేది.

మగవాళ్లు పగలు ఉండరు కాబట్టి గల్లీ ఒక కట్టుబాటు చేసుకుంది. ఎవరికి అనుమానం వచ్చినా పళ్లెం తీసి గరిటెతో బాదాలి. పళ్లెం మోత వినపడిందంటే ఎక్కడివాళ్లు అక్కడ పని వదిలేసి చేతికి దొరికింది పట్టుకుని ఉరకాలి. ఇంటింటికీ తిరిగి ఈ మాట చెప్పింది కిరాణం దుకాణమాయన. ఆయనకు గల్లీ పెద్ద అనిపించుకోవాలని మహా కోరిక. మా అత్తమ్మ ఆ రోజే స్టీలు పళ్లెం ఒకటి, బరువైన గరిటె ఒకటి ఏరి తలుపు పక్కన గూట్లో పెట్టింది. ఆ పళ్లెంలో అన్నం తినడం మా ఇంట్లో బంద్ అయింది.

చివరి ఇంటికి మాత్రం ఎవరూ పోయి చెప్పలేదు. వాళ్లకు తెలుగు రాదని దుకాణమాయన పోలేదు. ఇంట్లోనే ఉర్దూ మాట్లాడే దర్జీ చాచా చెప్పి ఉంటాడని మేము అనుకున్నాం. దుకాణమాయన చెప్పి ఉంటాడని చాచా అనుకున్నాడు. పైకి అనకపోయినా, అసలు మేము చూసి భయపడుతున్నది అట్లాంటి మనుషుల్నే కదా అన్న ఆలోచన కూడా కొందరి కడుపులో ఉండే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం నేను మిద్దె మీద మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. ముక్కుకు కొంగు కట్టుకున్నా తుమ్ములు ఆగడం లేదు. కింద నడింట్లో బిడ్డను పక్కన వేసుకుని అత్తమ్మ నడుం వాల్చింది. ఎండ బాగా కాస్తోంది, గల్లీలో చప్పుడు లేదు, దర్జీ చాచా మిషన్ కూడా ఆగి ఉంది. అప్పుడు పళ్లెం మోగింది.

గరిటె ఏదో జారి పడిన చప్పుడనుకున్నాను ముందు. అది ఆగలేదు. ఇత్తడి మోత, గుండె మీద కొట్టినట్టు, వరసపెట్టి మోగుతూనే ఉంది. లేచి ఉరికాను. చేతి నిండా కారం, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాను. ఇక చూడండి నా అవస్థ, కళ్లు మండుతున్నాయి, మెట్లు కనిపించడం లేదు. గోడ పట్టుకుని పడుతూ లేస్తూ కిందికి దిగితే నడింట్లో చాప మీద అత్తమ్మ ఒక్కతే ఉంది. అప్పుడే లేచి కూర్చుని, కొంగు సర్దుకుంటూ, నిద్ర మొహంతో తన పక్కన ఖాళీగా ఉన్న చోటు తడుముతోంది.

"అత్తమ్మా, పిల్లేది?"

"ఈడనే పండింది గదనే."

"ఏడున్నది మరి?"

ఆమె మొహం చూశాక నాకు జవాబు అక్కర్లేకపోయింది. వీధి తలుపు ఓరగా తెరిచి ఉంది. తియ్యటిది తిన్న పిల్ల అమ్మను గుర్తుపట్టదన్న మాట ఒక్కటే తలలో తిరుగుతోంది. ఏ దేవుడికి మొక్కానో గుర్తు లేదు. గల్లీలోకి వచ్చి పడ్డాను.

అప్పటికే అందరూ బయటికి వచ్చారు. దుకాణమాయన తలుపుకు అడ్డం పెట్టే కర్ర ఊడబీక్కుని వచ్చాడు. చాచా చేతిలో గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర. నైట్ డ్యూటీ చేసి నిద్రపోతున్న నర్సమ్మ జుట్టు విరబోసుకుని ఒంటి చెప్పుతో నిలబడింది. అరవావిడ రోకలి తెచ్చింది. వాళ్ల వెనక ఇంకా ఎవరెవరో, పేర్లు తెలియని పక్క గల్లీ మనుషులు కూడా. అందరి మొహాలూ ఒకే దిక్కు తిరిగి ఉన్నాయి. చివరి ఇంటి దిక్కు.

ఆ ఇంటి మిద్దె మీద ముసలామె నిలబడి ఉంది. ముసుగు జారిపోయి తెల్లజుట్టు గాలికి ఎగురుతోంది. ఒక చేత్తో ఇత్తడి పళ్లెం తల మీదికి ఎత్తి, ఇంకో చేత్తో దాన్ని బాదుతోంది. ఆమె ఒళ్లు ఊగిపోతోంది, నోరు తెరుచుకుని ఉంది, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. అయ్యో, ఎంత భయపడిపోయిందో ఈ ముసలామె, అనుకున్నాను. ఆనందంతో ఊగే మనిషీ భయంతో వణికే మనిషీ దూరం నుంచి ఒకేలా ఉంటారని నాకు తెలియదు. ఇక నా కళ్లలో కారం ఉండనే ఉంది.

ఆ ఇంటి ముందు గల్లీ మధ్యలో ఎర్ర పాగా ఆయన నిలబడి ఉన్నాడు. ఆయన చంకలో నా బిడ్డ.

బిడ్డ నోట్లో ఏదో ఉంది. దాని బుగ్గ ఉబ్బి ఉంది, పెదవుల మీద ఎర్రటి పాకం కారుతోంది. ఆయన దాని మొహంలో మొహం పెట్టి నవ్వుతున్నాడు. గాల్లోకి ఎత్తుతున్నాడు, దించుతున్నాడు, మళ్లీ ఎత్తుతున్నాడు. ఆయన ఏదో అంటున్నాడు, పళ్లెం మోతలో వినపడటం లేదు. విన్నవన్నీ విన్నట్టే కళ్ల ముందు ఉన్నాయి. కొత్త మనిషి, వేరే భాష, నవ్వు, తియ్యటిది, నా బిడ్డ.

"నా బిడ్డా!" అని నేను పెట్టిన కేక నా గొంతు నుంచి వచ్చిందని నమ్మలేకపోయాను. ఆ కేకకు గల్లీ గల్లీ కదిలింది.

ఆయన తలెత్తి మమ్మల్ని చూశాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. మేమందరం తన దగ్గరికే వస్తున్నామని, తన ఇంట్లో జరిగిన శుభం విని వస్తున్నామని అనుకున్నాడేమో, ఒక చెయ్యి మా వైపు చాపాడు కూడా. తర్వాత కర్రలు చూశాడు, కత్తెర చూశాడు, నా మొహం చూశాడు. నవ్వు పోయింది. గిరుక్కున వెనక్కి తిరిగి తన వెనక ఏముందో చూశాడు. మళ్లీ మా వైపు తిరిగాడు. బిడ్డను రెండు చేతులతో గట్టిగా గుండెకు అదుముకున్నాడు.

"పారిపోనీకె తొవ్వ చూస్తాండు! పట్టుకోండ్రి!" అని ఎవరో అరిచారు.

"పిల్లను దించురా! దించు!" అని దుకాణమాయన. ఆయన దించలేదు. ఎంత అరిస్తే అంత గట్టిగా పట్టుకున్నాడు. ఏదో చెబుతున్నాడు, "బేటీ, బేటీ" అంటున్నాడు. మా గల్లీలో చంటిపిల్లలకు తప్ప ఉర్దూ అర్థం కానివాళ్లు లేరు. ఆ నిమిషంలో ఒక్కరికి కూడా అర్థం కాలేదు.

దుకాణమాయన కర్ర ఎత్తి కొట్టాడు. పాగా అంచుకు తగిలి భుజం మీద పడింది దెబ్బ. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆయన మోకాళ్ల మీద కూలిపోయాడు, కానీ పడుతూ కూడా బిడ్డ నేలకు తగలకుండా వీపు మా వైపు తిప్పాడు. కర్ర మళ్లీ లేచింది. నేను అందరినీ తోసుకుని ముందుకు పోయి బిడ్డకు చేతులు చాపాను.

నా బిడ్డ నా దగ్గరికి రాలేదు.

జుట్టు చెదిరి, కళ్లు ఎర్రబడి, నోరంతా తెరిచి అరుస్తున్న నన్ను చూసి అది బెదిరిపోయింది. ఆయన మెడ చుట్టూ రెండు చేతులు వేసి, మొహం ఆయన పాగాలో దాచుకుంది. నేను లాగితే ఇంకా గట్టిగా అతుక్కుంది. "వద్దు, వద్దు" అని ఏడ్చింది. మందు పెట్టాడు, అందుకే నన్ను గుర్తుపట్టడం లేదు అనుకుని నా ప్రాణం ఆగిపోయింది. కానీ అది వేలు చాపి నా పక్కన లేచిన కర్రను చూపించి "అమ్మా, కొట్టొద్దని చెప్పు" అంది.

అమ్మా అంది. నన్ను గుర్తుపట్టింది. లేచిన కర్ర లేచినట్టే ఆగింది. పళ్లెం మోత కూడా అప్పుడే ఆగిపోయింది, మిద్దె మీద ముసలామె కిందికి చూసి ఉంటుంది. ఒక్కసారిగా గల్లీ అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఇంటి లోపల నుంచి సన్నగా, పిల్లి కూనలాగా, అప్పుడే పుట్టిన పసిగుడ్డు ఏడుపు వినపడింది.

నర్సమ్మే ముందు తేరుకుంది. కాలికున్న ఒంటి చెప్పు విడిచేసి, ఎవరినీ అడగకుండా లోపలికి పోయింది. చాచా కత్తెర వీపు వెనక దాచుకున్నాడు. ముసలామె మెట్లు దిగి వచ్చి కొడుకు పక్కన నిలబడింది. పళ్లెం ఇంకా చేతిలోనే ఉంది. ఒక్కొక్కరి చేతిలో ఏముందో చూసింది, కర్ర, రోకలి, రాయి, అన్నీ. నా చేతుల్లో ఏమీ లేదు గాని ఆమె నా చేతులు కూడా చూసింది. కొడుకు నెమ్మదిగా బిడ్డ చేతులు తన మెడ మీద నుంచి విడదీసి నాకు అందించాడు. దాని నోట్లో ఉన్నది బెల్లం ముక్క. తల్లీకొడుకులు లోపలికి పోయి తలుపు వేసుకున్నారు.

మూసిన ఆ తలుపును చూస్తే నాకు కలిగిన భయం వేరే రకం. అప్పటిదాకా బయటివాళ్లను చూసి భయపడ్డాను. ఇప్పుడు నా పక్కన నిలబడ్డ మనుషుల్ని చూసి భయం వేసింది. రోజూ నా చేతికి ఉప్పు, పప్పు కట్టి ఇచ్చే దుకాణమాయన చేతిలో కర్ర చూసి భయం వేసింది. దానికంటే ముందు ఆ కర్రను లేపిన నా గొంతును తలుచుకుని భయం వేసింది.

సిగ్గుతో ఎవరిళ్లకు వాళ్లు పోయారు. మా అత్తమ్మ మాత్రం పోలేదు. గల్లీలో అడుగు పెట్టాలంటే శకునం చూసుకునే మనిషి ఆ తలుపు తట్టి, తీసేదాకా తట్టి, లోపలికి పోయింది. చాలాసేపటికి బయటికి వచ్చి నా దగ్గర కూలబడింది.

"ఆడపిల్లనే," అంది. "ఇంతకుముందు పుట్టినోళ్లు ఒక్కరు దక్కలేదట. ఇది దక్కింది. తల్లి కూడ మంచిగనే ఉన్నది. వాళ్ల దిక్కు పిల్ల పుడితె చాట కొడుతరట, పిలగాడు పుడితెనే పళ్లెం కొడుతరట. ఆ ముసలామె ఏమన్నదో ఎరికేనా? ఈ పిల్ల నాకు పదిమంది పిలగాండ్లతోని సమానమని పళ్లెమే తీసుకొని మిద్దెక్కిందట."

చాట కొట్టి ఉంటే ఆ చప్పుడు మా ఇంటిదాకా కూడా వచ్చేది కాదు. తండ్రి సంతోషం పట్టలేక బెల్లం చేతిలో పట్టుకుని గల్లీలోకి వచ్చాడు. పంచుదామంటే ఎండకు అందరూ తలుపులు వేసుకుని ఉన్నారు. ఓరగా తీసిన తలుపులోంచి బయటికి వచ్చి మట్టిలో ఆడుకుంటున్న ఆడపిల్ల ఒక్కతే కనిపించింది. దాన్ని ఎత్తుకున్నాడు. జరిగిందంతా ఇంతే. నేను బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. అది నా మొహం తుడవబోయి, నా కారం కొంగు తన కళ్లకు తగిలి తనూ ఏడ్చింది.

అంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. పొద్దు వాలుతుండగా మా ఆయన మార్కెట్ నుంచి ఉరుక్కుంటూ వచ్చాడు. చొక్కా అంతా తడిసిపోయి ఉంది. వచ్చీ రాగానే బిడ్డను లాక్కుని ఒళ్లంతా తడిమి చూసుకున్నాడు.

"మన గల్లీల దొంగ దొరికిండని ఎనుమాముల అంత మారుమోగుతాంది! మన పిల్లనే అంటాండ్రు! చంపిండ్రని ఒకడు, కట్టేసిండ్రని ఒకడు! నా ఎనక మంది వస్తాండ్రు!"

రెండు ఊళ్ల మధ్య తిరిగిన పుకారుకు చివరికి ఒక చిరునామా దొరికింది. అది మా గల్లీ. మేము వీధిలోకి వచ్చి చూసేసరికి స్టేషన్ రోడ్డు మలుపులో మనుషులు కనిపించారు. మార్కెట్ హమాలీలు, రిక్షావాళ్లు, ఎక్కడెక్కడి పిల్లల తండ్రులో. కొందరి చేతుల్లో కర్రలు, కొందరి చేతుల్లో బస్తాలు లాగే ఇనుప కొక్కేలు. వాళ్ల మొహాలు నేను గుర్తుపట్టాను. మధ్యాహ్నం మా మొహాలు అట్లాగే ఉండి ఉంటాయి. మేము ఆగడానికి మాకు ఒక చంటిపిల్ల మాట దొరికింది. వీళ్లను ఎవరు ఆపుతారు? లోపల దెబ్బ తిన్న మనిషి, బాలింత, కళ్లు కూడా తెరవని పసిగుడ్డు.

దుకాణమాయన పరుగున పోయి చివరి ఇంటి తలుపు ముందు అడ్డంగా నిలబడ్డాడు. ఈసారి చేతిలో కర్ర లేదు. పక్కన చాచా, మా ఆయన. "దొంగ లేడు భాయ్, తప్పు ఖబర్ వచ్చింది, పోండి" అని చాచా రెండు చేతులూ జోడించాడు. "నువ్వెందుకు అడ్డం వస్తున్నవ్? నువ్వు కూడ వాళ్లల్ల కలిసినవా?" అని అటువైపు నుంచి ఒకడు. "మా పోరగాండ్లు పోతె మీరు తెచ్చిస్తరా? ఏడి వాడు? బయటికి తెండ్రి!" తోపులాట మొదలైంది. దుకాణమాయన వీపు తలుపుకు కొట్టుకుంది. లోపల పసిగుడ్డు ఏడుస్తోంది, ఈ కేకల్లో ఎవరి చెవికీ ఎక్కడం లేదు.

అప్పుడు మా అత్తమ్మ ఇంట్లోంచి బాలింతకని చెంబుతో నీళ్లు తెచ్చుకుని గుంపు మధ్యలోకి నడిచింది. మొగవాళ్లను మోచేతులతో తోసుకుంటూ పోయి ఆ గడప మీద బైఠాయించింది. చెంబు పక్కన పెట్టుకుంది.

"రాండ్రి బిడ్డా," అంది. "అందరు లోపటికి రాండ్రి. ఎవలు ముందుగాల వస్తరో రాండ్రి. ఇయ్యాలనే పుట్టింది పిల్ల. బాలింత రక్తం ఇంక కడగనే లేదు. ఇల్లంత పురుటంటు. నేను ముట్టుకొనే వచ్చిన. ఈ గడప దాటినోనికి, నన్ను ముట్టినోనికి అంటు తగులుతది. రేపో మాపో జాతరకు పోయేటోళ్లు కాదా మీరంత? తల్లులకు మొక్కుకున్నరు కదా? బంగారం ఇంట్ల పెట్టుకున్నరు కదా? పురుటంటుతోని పోయి తల్లుల ముంగట నిలబడుతరా? నిలబడుండ్రి మరి. పిల్లజెల్ల ఉన్నోళ్లు. ఆ పైన మీ ఇష్టం."

చెయ్యి చాపి అందరికంటే ముందున్న వాడి వైపు జరిగింది. వాడు కాలిన పెనం తగలబోయినట్టు వెనక్కి దూకాడు. వాడు దూకితే వెనకవాడి కాలు తొక్కాడు. "ఏమైంది?" అని వెనక నుంచి అడిగినవాళ్లకు "బాలింత ఇల్లట, అంటు తగులుతదట" అని జవాబు పోయింది. ఆ మాట నోళ్లు మారుతున్న కొద్దీ గుంపు పలచబడింది. చట్టానికి భయపడనివాళ్లు, చాచా దండానికి కరగనివాళ్లు, ఒక ముసలామె చెయ్యి తగులుతుందేమోనని గోడలు కరుచుకుని నడిచిపోయారు. "మంచిగ చెప్తె ఇనేటోళ్లం గద అవ్వా" అని గొణుక్కున్నాడు ఒకడు. చీకటి పడకముందే గల్లీ ఖాళీ అయింది.

"అత్తమ్మా, నువ్వు కూడ జాతరకు పోయేదానివే కద?" అని అడిగాను తర్వాత.

"తలమీదికెల్లి నీళ్లు పోసుకుంటె పోతది. ఆ పెద్ద తల్లులకు తెల్వదానే, ఏది అంటో ఏది కాదో?" అంది. అని, అప్పటిదాకా పట్టి ఉంచుకున్న వణుకంతా ఒక్కసారి బయటపడి, నా భుజం పట్టుకుని మంచం మీద కూలబడింది. గుంపును పురుటంటుతో తరిమింది కానీ తెల్లవార్లూ ఆమె పళ్లు టకటక కొట్టుకుంటూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున పసుపు, సున్నం కలిపి వేడిచేసి ఆమె మళ్లీ ఆ ఇంటికి పోయింది. నన్ను కూడా రమ్మంది. బిడ్డను చంకనెత్తుకుని పోయి గడప బయట నిలబడ్డాను. ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు. పాగా లేదు, భుజం వాచి నల్లబడి ఉంది. మమ్మల్ని చూసి లేవబోతే అత్తమ్మ కూర్చోబెట్టింది. నేను చెప్పాలని ఇంటి నుంచి తయారుచేసుకుని పోయిన మాటలన్నీ మర్చిపోయి బిడ్డ జుట్టు సర్దుతూ నిలబడ్డాను. బిడ్డ మాత్రం ఆయనను చూసి నవ్వి, బెల్లం పెట్టమని చెయ్యి చాపింది.

అత్తమ్మ భుజానికి పట్టు వేస్తూ, ఆమెకు అలవాటైన పద్ధతిలో, తప్పంతా ఆయనదే అన్నట్టు తిట్టడం మొదలుపెట్టింది.

"నీకు కూడ తెలివి లేదు నాయినా. అంతమందిమి కట్టెలు పట్టుకొని ఉరికొస్తాంటిమి. దించు దించు అని ఒర్లుతాంటిమి. ఆ పిల్లను జర కింద పెట్టి ఇంట్లకు ఉరికితె నీకు దెబ్బ తప్పేది గాదా? ఎందుకు గట్టిగ పట్టుకున్నవ్?"

ఆయనకు తెలుగు కొంచెం కొంచెం వస్తుందని అప్పుడే తెలిసింది. మాటలు ఏరుకుంటూ చెప్పాడు.

"నాకు సమజ్ కాలేదు అమ్మా. మీరందరు భయపడి వస్తున్నరు. మీ మొహాలు చూసి నా ఎనక ఏదో వస్తుంది అనుకున్న, పిచ్చి కుక్కనో, ఎద్దునో. ఎనకకు తిరిగి చూసిన. ఏం కనపడలేదు. అది ఏందో తెలవకుండ పాపను కింద ఎట్ల పెడుత?"

అత్తమ్మ చెయ్యి ఆయన భుజం మీద అట్లాగే ఆగిపోయింది. నేను బిడ్డను పట్టుకుని ఆ గడప మీదే కూర్చుండిపోయాను.